అడుగున పిడికెడు

కోదాడ,
9 జులై 2006.

నా జమునకు,

బాగున్నావా అని అడగను. నువ్వు ఎక్కడ పడేసినా బాగుండే రకం. మీ ల్యాబుకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మీ సైదులే ఎత్తి, "జమునక్క సిమెంటు దిమ్మెలు పగలగొడుతాంది, తర్వాత జెయ్యుర్రి" అని పెట్టేశాడు. మిర్యాలగూడలో దిమ్మెలు పగలగొట్టడం అంత తొందర పనని నాకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

నీతో పని పడింది. ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఎం.టెక్. చేస్తున్నాను కదా, మా గైడు పూర్ణచంద్రం సార్ నాకు ఇసుక అప్పజెప్పారు. సాగర్ కాలువ కట్టల కింద పరిచే ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య సందులు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయా లేదా అన్నది నేను తేల్చాలి. ఒకచోట వదులుగా ఉంటే నీళ్లు ఆ దారే పట్టుకొని కట్టను తినేస్తాయట. దానికి ముందు గాజులాంటి గొట్టంలో ఇసుకను సమానంగా నింపాలి. తర్వాత నీలం రంగు కలిపిన పల్చటి జిగురు పోస్తే అది సందుల్లోకి దిగి గట్టిపడుతుంది. అప్పుడు గొట్టాన్ని నడిమికి కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటో తీస్తాం. కంప్యూటర్లో రేణువులు తెల్లగా, సందులు నల్లగా కనబడేలా చేసి, ఫోటోను గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో నలుపు ఎంతుందో లెక్కపెడతాం. అన్ని గళ్లలోనూ దగ్గరదగ్గరగా వస్తే ఇసుక బాగా నింపినట్టు.

నాకు ఒక గడిలో నూటికి ముప్ఫై నాలుగు వచ్చింది, పక్క గడిలో నలభై మూడు. మూడు నెలల నుంచి ఇదే వరస. సార్ మొన్న ఆ ఫోటో చూసి, "ఏవమ్మా శోభా, ఇసుక పోశావా, కోపమొచ్చి విసిరేశావా?" అన్నారు. తుంగతుర్తి నుంచి వచ్చిన మా నాన్న కాటయ్య ఇంకా నయం: "ఇసుకల సందులు లెక్కవెడుతున్నవా బిడ్డా? మందల గొర్రెకు గొర్రెకు నడుమ జాగ ఎంతుందో జెప్పమంటే నేనూ చెప్త." ఆపైన ఊరుకోకుండా, "గా జమునను అడుగరాదు, ఆ పిల్ల చెయ్యి మంచిది" అన్నాడు. మా ఇంట్లో నా చెయ్యి గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు.

అందుకే అడుగుతున్నాను. సూర్యాపేట పాలిటెక్నిక్‌లో నీ దిమ్మెలు అచ్చు గుద్దినట్టు వచ్చేవి, నావి అంచులు రాలిపోయేవి. ఆరు ఖాళీ గొట్టాలూ జల్లించిన ఇసుకా బస్సులో పంపుతున్నాను. నింపి పంపు. ఎలా నింపావో కూడా రాయి.

నీ
శోభ


మిర్యాలగూడ,
20 జులై 2006.

నా శోభకు,

ఉత్తరం రాశావంటే పని పడిందనే అనుకున్నాను. పని లేకుండా నువ్వు రాసిన ఉత్తరం ఒక్కటి చూపించు, నీకు గులాబ్‌జామ్‌లు పెట్టిస్తా.

గొట్టాలు నింపి పంపుతున్నాను. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. ఇసుకను గరాటులో పోసి మూతికి వేలు అడ్డుపెట్టుకో. గొట్టంలో ఇసుక మట్టానికి జానెడు ఎత్తున గరాటు పట్టుకొని వేలు తియ్యి. ఇక చెయ్యి ఆగకూడదు, గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. ఇసుక పైకి వస్తున్నకొద్దీ గరాటునూ అంతే జరుపుతూ పోవాలి, జానెడు ఎప్పుడూ జానెడే ఉండాలి. మధ్యలో గొట్టాన్ని తట్టకు. నువ్వు తడతావు, నాకు తెలుసు, నీకు ఓపిక లేదు. కళ్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు మా యాడి చేతులు చూసి నేర్చుకున్నాను నేను. నన్ను కన్నందుకు ఆమె నాకిచ్చిన ఆస్తి ఆ ఒక్క పనేనట.

నేను గొట్టాలు నింపుతుంటే యాడి తండా నుంచి వచ్చి పక్కన కూర్చుంది. "ఇసుక వోసుడుకు గూడ సదువుకోవాల్నా?" అంది. శోభ ఎం.టెక్. చేస్తోంది, దానికి కావాలి అన్నాను. "గా పిల్ల తిన్నదా లేదా అడుగు ముందుగాల" అని, అటుకులు వేయించి డబ్బాలో పోసి ఇచ్చింది. మన హాస్టల్ డబ్బానే అది, మూతకు సొట్ట పడిందే, అదే. పూర్తిగా ఖాళీ చేయకు. అడుగున ఒక పిడికెడు ఉంచి మళ్లీ నింపుకో. మూడేళ్లు ఒక గదిలో ఉన్నా ఆ అలవాటు నీకు పట్టలేదు.

నేను నింపిన ఇసుక లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఫోటో తీస్తే ఒకటి నాకు పంపు.

నీ
జమున


కోదాడ,
11 ఆగస్టు 2006.

జమునకు,

పెట్టె అందింది. అటుకులు అందాయి, అయిపోయాయి. డబ్బా ఖాళీ. తిట్టుకో.

నీ గొట్టం ఒకటి కోశాం. అన్ని గళ్లలోనూ ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది. ఒక్క గడి కూడా తప్పలేదు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. రెండోసారి ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనన్న ఆశతో లెక్కపెట్టాను, నీ దగ్గర దాపరికం ఎందుకు.

సార్ ఆ ఫోటో ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎవరి చెయ్యమ్మా ఇది? ఇరవయ్యేళ్లలో ఇలాంటి కోత నేను చూళ్లేదు" అన్నారు. పక్క గది లెక్చరర్లను పిలిచి చూపించారు. వాచ్‌మన్ భద్రును కూడా పిలిచి చూపించారు. భద్రు "మస్తుగుంది సార్" అన్నాడు, వాడికేం తెలుసని. అంతసేపూ నేను టీ గ్లాసు పట్టుకొని గోడ పక్కన నిలబడ్డాను. కడుపుమంట అన్న మాట ఊరికే పుట్టలేదు జమునా, అది నిజంగా కడుపులోనే మండుతుంది. నవ్వుకో.

ఇంకో సంగతి. సార్ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ప్రాజెక్టు మంజూరైంది, మూడేళ్లపాటు ఒక్క అసిస్టెంటును పెట్టుకోవచ్చు. అచ్చయ్యే వ్యాసాల మీద వాళ్ల పేరు కూడా ఉంటుంది. నాకే ఇస్తారనుకున్నాను. ఇప్పుడేమో "మీ మిర్యాలగూడ అమ్మాయిని కూడా అడుగు. డిగ్రీ తర్వాతైనా తెచ్చుకోవచ్చు, చెయ్యి ఎక్కడి నుంచి తెస్తామమ్మా?" అంటున్నారు. ఇద్దరం చెరి ఆరు గొట్టాలు నింపాలట. ఇద్దరివీ మూడో నంబరు గొట్టాలు నడిమికి కోసి చూసి, ఎవరిది సమానంగా ఉంటే వాళ్లకు ఉద్యోగం. మిగిలిన పదింటినీ కోయకుండా సూర్యాపేట తీసుకెళ్లి, మనుషుల తలలకు తీసే స్కానింగులో నిలువునా తీయిస్తారట.

నీకు అక్కడ పని బాగానే ఉంది కదా. యాడిని వదిలి ఇంత దూరం రావడం నీకు ఇష్టం ఉండదేమో. ఇష్టం లేకపోతే ఒక కార్డు ముక్క రాసెయ్, సార్‌కు నేను చెబుతాను.

శోభ


మిర్యాలగూడ,
24 ఆగస్టు 2006.

నా శోభకు,

ఇష్టం లేకపోవడమేమిటే? ఉత్తరం చదివి ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. సైదులు పరేషానై, "ఏమైందక్కా, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు.

నీకు తెలుసు కదా, ఇంజనీరింగు సీటు నాకూ వచ్చింది. మా అన్న హరిలాల్ ట్రాక్టరు కింద పడి మంచం పట్టిన ఏడాది అది. నువ్వు కోదాడ వెళ్లావు, నేను ఇక్కడ దిమ్మెలు పగలగొట్టే మిషను దగ్గర చేరాను. నాలుగేళ్లుగా తెచ్చినవన్నీ పగలగొట్టి ఎంత బరువుకు పగిలిందో రాస్తున్నాను. దేని లోపల ఏముందో చూసే పని నాకెవరూ ఇవ్వలేదు. మీ సార్ ఇస్తానంటున్నాడు. నాకు ఈ ఉద్యోగం కావాలి శోభా. ఇంత గట్టిగా నేనేదీ అడగలేదు.

అయితే ఇది నీ చోటు. నువ్వు మనసులో ఒద్దనుకుంటే ఒక్క మాట చెప్పు, నేను పోటీకి రాను. నీ ముఖం ముడుచుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, దాన్ని రోజూ చూస్తూ పనిచేయలేను.

గొట్టాలు పంపుతున్నాను. ఒక్కోదాని మీద 'జ' అని రాసి, నంబరు వేసి, చీటీ అంటించాను. పోయినసారి ఫోటో పంపమన్నాను, నువ్వు పంపలేదు. ఈసారన్నా పంపు.

నీ
జమున


కోదాడ,
3 సెప్టెంబర్ 2006, ఆదివారం.

జమునా,

ఈ ఉత్తరం నీకు పంపను. రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నీ చీటీలు ఊడదీశాను. తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచితే చాలు, మెత్తగా వచ్చేశాయి. నువ్వు మైదా జిగురుతో అంటిస్తావు, హాస్టల్లో నోట్సుల అట్టలకు అంటించినట్టే. నా గొట్టాల మీద నీ 'జ', నీ గొట్టాల మీద నా 'శో' అంటించాను. కాలేజీలో ఎవరూ లేరు. భద్రు గేటు దగ్గర రేడియో వింటున్నాడు. పని పావుగంటలో అయిపోయింది. చేతులు వణుకుతాయనుకున్నాను, వణకలేదు. వణికి ఉంటే బాగుండేది.

ఒద్దంటే చెప్పు, పోటీకి రానన్నావు. ఆ మాటే నన్ను కాల్చింది. నువ్వు దయతలచి వదిలేస్తే నేను తీసుకోవాలా? ఈ కాలేజీలో చేరినప్పుడూ అంతే. నీ ర్యాంకు నాకంటే నూట పది ముందు. నువ్వు రాలేదు, నేను వచ్చాను. మా నాన్న అందరితో "జమున రాలె, మా పిల్ల వొయింది" అని చెప్పాడు. ఎక్కడికెళ్లినా నువ్వు రాని చోటికి వచ్చినదాన్నే నేను. ఈ ఇసుక ఒక్కటే నాది అనుకున్నాను. దాన్ని కూడా నువ్వు బస్సులో పెట్టెలో పంపి గెలుచుకుపోతున్నావు.

నీ నవ్వు చూసినా నాకు ఏడుపే, నీ జడ చూసినా ఏడుపే. మీ యాడి నాకు అటుకులు పంపితే అదీ ఏడుపే. ఇంత ఏడుస్తున్నానని నీకు తెలియకపోవడం అన్నింటికంటే పెద్ద ఏడుపు.

ఎలాగూ పంపని ఉత్తరమే కాబట్టి ఇదీ రాస్తాను. హాస్టల్లో అటుకుల డబ్బా అడుగున నువ్వు ఉంచే పిడికెడు మాయమైపోయేది. నువ్వు పక్క గది రజితను అనుమానించేదానివి. తిన్నది నేనే. మొదట ఆకలేసి తిన్నాను. తర్వాత ఆకలి లేకపోయినా తిన్నాను, నువ్వు డబ్బా మూత తీసినప్పుడు నీ ముఖం ఎలా మారుతుందో చూడ్డానికి.

శోభ


కోదాడ,
20 సెప్టెంబర్ 2006.

నా బంగారు జమునకు,

ఎలా ఉన్నావు? యాడి ఆరోగ్యం ఎలా ఉంది? హరిలాల్ అన్న నడుస్తున్నాడా? వానలు ఎలా ఉన్నాయి అక్కడ?

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ గొట్టం ఈసారి సరిగా రాలేదు. ఒక గడిలో ముప్ఫై నాలుగు, ఒక గడిలో నలభై మూడు. సార్ కూడా బాధపడ్డారు, "మొదటిసారి కుదిరింది, రెండోసారి బెదిరింది పాపం" అన్నారు. నాది అదృష్టం కొద్దీ బాగా వచ్చింది. ఉద్యోగం నాకే అన్నట్టు మాట్లాడుతున్నారు, కాగితం ఇంకా ఇవ్వలేదు. హుజూర్‌నగర్ దగ్గర రోడ్డు గుంతలమయం కదా, బస్సు కుదుపులకు ఇసుక కదిలి ఉంటుంది. నీ తప్పేమీ లేదు. మనసులో పెట్టుకోకు.

ఫోటో ప్రింటు తీయడానికి ఇక్కడ రంగు అయిపోయింది. తర్వాత పంపుతాను.

నీ ప్రియమైన
శోభ


మిర్యాలగూడ,
10 అక్టోబర్ 2006.

శోభకు,

నీకు ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఈ మాట రాయడానికి ఇరవై రోజులు పట్టింది, ఏమనుకోకు.

రోడ్డు అన్నావు. మొదటి పెట్టె కూడా అదే బస్సులో, అదే రోడ్డు మీద వచ్చింది. కాబట్టి తప్పు నా చేతిదే. ఆశపడి నింపాను కదా, చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. మొదటిసారి నాకేమీ అక్కర లేకుండా నింపాను.

ఇప్పుడు ల్యాబులో కొలపాత్రలో ఇసుక పోయాలన్నా సైదులుకే ఇస్తున్నాను. మొన్న పోయబోతే సగం బల్ల మీద పడింది. సైదులు, "ఏందక్కా, నీ చెయ్యి గూడ గిట్లయితదా?" అన్నాడు. కళ్లంలో యాడి చేటకు చెయ్యి చాపితే తీసుకోలేదు. "ఏమైంది బిడ్డా?" అంది. జ్వరమన్నాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటే అని నీకు రాశాను కదా. ఇప్పుడు అదీ ఉందో లేదో తెలియదు.

ఒక్కటే అడుగుతాను. ఆ చెడిపోయిన గొట్టం ఫోటోనే పంపు. ఎక్కడ తప్పానో నా కళ్లతో చూడాలి. రంగు లేకపోతే నలుపు తెలుపులోనే పంపు, ఎలాగూ మీరు లెక్కపెట్టేది నలుపునే కదా.

జమున


సూర్యాపేట,
5 నవంబర్ 2006, ఆదివారం.

జమునా,

స్కానింగ్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను. సార్ కోదాడ బస్సెక్కి వెళ్లిపోయారు. నన్ను రమ్మనలేదు.

ఆదివారం మధ్యాహ్నం పేషెంట్లు తక్కువని ఈ రోజు ఇచ్చారు. మిషను నడిపే సతీష్ మమ్మల్ని చూసి, "పేషెంట్ ఏడున్నడు మేడం?" అన్నాడు. గొట్టాలు చూపించాను. "పేరు రాయాలె, వయసు రాయాలె, ఆడనా మొగనా రాయాలె, లేకుంటే మిషను ముందుకు వోదు" అన్నాడు. సార్ నవ్వి, "నింపినవాళ్ల పేరే రాయవయ్యా" అన్నారు. 'శో' చీటీలున్న అయిదు గొట్టాలకు శోభ, ఇరవై అయిదు, స్త్రీ అని రాసుకున్నాడు.

ఆ మిషనులో రేణువులు కనబడవు. గట్టిగా ఉన్నచోట తెల్లగా, వదులుగా ఉన్నచోట నల్లగా కనబడుతుంది. నా పేరుతో ఉన్న గొట్టాలు పై నుంచి కింది దాకా ఒకే రంగులో ఉన్నాయి, అడుగున తప్ప. అడుగున వేలెడు మందాన నల్లటి చార. రెండో నంబరులో ఉంది, నాలుగులో, అయిదులో, ఆరులో ఉంది. ఒకటో నంబరులో లేదు. మేము కోతలన్నీ నడిమికే కోస్తాం కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు.

సార్ తెర మీదికి వంగి ఒక్కో గొట్టం అడుగూ చూశారు. "ఇది మంచి సంగతేనమ్మా. ఒకటోదానికి లేదు, మిగతావాటికి ఉంది. అంటే ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ మధ్య నువ్వేదో చేస్తున్నావు. అదేంటో చెప్పు, మనం రాయబోయే మొదటి వ్యాసం అదే అవుతుంది" అన్నారు.

నాకు ఆ చారను చూడగానే తెలిసిపోయింది జమునా. నువ్వు గరాటును పూర్తిగా ఖాళీ చేయవు. అడుగున పిడికెడు ఉండగానే వేలు అడ్డుపెట్టి ఆపేస్తావు. నీకు తెలియకుండానే ఆపేస్తావు, అటుకుల డబ్బాలో ఆపినట్టు. గరాటు అంచుల వెంట మిగిలే ఆ పిడికెడులో అన్నీ లావు రేణువులే ఉంటాయి, వాటి మధ్య సందులూ పెద్దవే. మీద కొత్త ఇసుక పోసి వేలు తీస్తే ఆ పిడికెడే ముందు దిగి తర్వాతి గొట్టం అడుగున కూర్చుంటుంది. అందుకే ఒకటో దానికి లేదు.

నేను గరాటు దులిపి బోర్లించే రకం. ఆ చార నాదని చెప్పడానికి అబద్ధాలు లేకపోలేదు. మెత్తని ఇసుక అనో, గొట్టం తడి అనో చెప్పొచ్చు, సార్ నమ్మేవారు కూడా. ఫిల్ము చేతికిచ్చారు. పైన నా పేరు, నా వయసు. కింద నువ్వు ఎవరికోసమో ఎప్పుడూ ఉంచే పిడికెడు. నేను దాన్ని హాస్టల్లో మూడేళ్లు తిన్నాను. ఇప్పుడు నా పేరు మీద అచ్చేయించుకున్నాను కూడా.

"ఇవి నావి కావు సార్, జమునవి. చీటీలు మార్చాను" అని చెప్పాను. సతీష్ అక్కడే ఉన్నాడు. సార్ నన్ను తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ అమ్మాయికి నేనే ఉత్తరం రాస్తాను. నువ్వు రేపటి నుంచి పాఠాలు చెప్పుకో, ఇసుక ముట్టుకోకు" అన్నారు.

నీ చెయ్యి తప్పలేదు. ముప్ఫై నాలుగూ నలభై మూడూ నావి. సెప్టెంబరులో రాసి పంపని ఉత్తరం దీనితో పెడుతున్నాను. నువ్వు మూడుసార్లు అడిగావు కదా ఫోటో, ఈ ఫిల్ము ఉంచుకో. కిటికీ వెలుగుకు పట్టుకొని చూడు. నా పేరు గీకేద్దామని చూశాను, పోలేదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, అప్పుడు దానికి కూడా నీ మీద కుళ్లుకుంటాను.

శోభ


మిర్యాలగూడ,
17 డిసెంబర్ 2006.

శోభారాణి గారికి,

మీ సార్ ఉత్తరం వచ్చింది. ఉద్యోగం నాకే. జనవరి రెండున చేరమన్నారు, చేరుతున్నాను.

గారు అని రాసి చూశాను. బాగాలేదు. నీ మీద కోపం చూపించడానికి నాకు వేరే భాష రాదు, ఉన్నదాంట్లోనే తిడతాను.

నువ్వు చీటీలు మార్చావని నాకు ఒళ్లు మండలేదనుకోకు. మండింది. దానికంటే ఎక్కువ మండింది ఇంకోటి. నెలన్నర పాటు నేను యాడి చేతిలోని చేట అందుకోలేదు. ఈ ఏడు వడ్లు ఆమె ఒక్కతే తూర్పార పట్టింది. ఆ పనికి ఆమె భుజం పట్టేసి దవాఖానకు తిరుగుతోంది. ఆ నష్టానికి నువ్వు ఉత్తరంలో లెక్క రాయలేదు.

నిజం చెప్పాలంటే నాకు అనుమానం రాకపోలేదు. సెప్టెంబరులో నువ్వు రాసిన ముప్ఫై నాలుగు, నలభై మూడు ఎక్కడో చదివినట్టే అనిపించింది. నీ జులై ఉత్తరం తీసి చూశాను. అవే అంకెలు, నీ గొట్టంవి. చూసి, మడిచి, మళ్లీ పెట్టెలో పెట్టేశాను. నిన్ను అనుమానించడం కంటే నా చేతిని అనుమానించడమే నాకు తేలికైంది. అందుకే ఫోటో అడిగాను. నువ్వు పంపుతావో లేదో చూద్దామని అడిగాను.

నీ ఒక్కదానికే కుళ్లు ఉందనుకుంటున్నావా? నువ్వు కోదాడ బస్సెక్కిన రోజు నీ పెట్టె నేనే మోసి పైన వేశాను. బస్సు కదలగానే టైరు పగలాలని మొక్కుకున్నాను. పగల్లేదు. నీ పేరు పక్కన బి.టెక్. అని ఉన్న మొదటి కవరు మీద ఆ అక్షరాలను గోటితో గీకాను. నాకు చదువుకోవడానికి వీల్లేకపోయిందని కాదు, నువ్వు చదువుకున్నావని. కాబట్టి నేనేదో పుణ్యాత్మురాలినని ఏడవకు. తేడా ఏమిటంటే నేను ఎవరి చీటీనీ ఊడదీయలేదు.

రజితను నేనెప్పుడూ అనుమానించలేదు. ఆ మాట నీకు వినబడేలా అనేదాన్ని, అంతే. నువ్వు తింటున్నావని మొదటి నెలలోనే తెలుసు, నీ దిండు కింద అటుకులు రాలి ఉండేవి. అందుకే రెండో నెల నుంచి పిడికెడును కాస్త పెద్దది చేశాను. నువ్వు గమనించలేదు.

ఫిల్ము కిటికీకి పట్టి చూశాను. యాడికి చూపించాను. ఆ నల్లచార చూపించి, ఇది నువ్వు నేర్పిన పిడికెడే, ఇదే తప్పట అన్నాను. ఆమె ఫిల్మును అటూ ఇటూ తిప్పి చూసి, "తప్పెట్లయితది? ఎన్కవచ్చెటోల్లకు ఉండాలె గద" అంది. వెనక వచ్చే గొట్టం కూడా ఆమెకు మనిషే.

కానీ సార్‌కు పనికిరాదు. నిన్న ల్యాబులో గరాటును మొదటిసారి పూర్తిగా ఖాళీ చేశాను. నాలుగుసార్లు ప్రయత్నిస్తే గానీ వేలు మాట వినలేదు. మిగిలే పిడికెడు గొట్టంలో పడకుండా కాగితం మీదికి ఒంపాను. పారబోయడానికి చెయ్యి రాలేదు. పొట్లం కట్టి ఈ కవరులో పెట్టాను. మన గదిలో అడుగున మిగిలింది ఎప్పుడూ నీకే పోయేది, ఇది కూడా నువ్వే ఉంచుకో.

రెండో తారీఖున హుజూర్‌నగర్ మీదుగా మొదటి బస్సుకు వస్తాను. బస్టాండుకు రావద్దు. నీతో ఏం మాట్లాడాలో నాకింకా తెలియదు. నా సొట్టమూత డబ్బా జులై నుంచి నీ దగ్గరే ఉంది. అది మాత్రం తెచ్చి ల్యాబులో నా బల్ల మీద పెట్టు.

ఖాళీగా పెట్టకు.

జమున